నాలుగు భాషల ఇంటి పిల్లలం

(భాషలు చదువుతున్న ముస్లిం విద్యార్థినుల తరఫున, రాయలసీమలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మాలో కొందరు తెలుగు ఎం.ఏ. చదువుతున్నారు. కొందరు ఉర్దూ, కొందరు అరబ్బీ, ఒకరిద్దరు ఇంగ్లీషు. మా అందరి ఆశ ఒక్కటే: విదేశాలలో భాషోపాధ్యాయినులుగా పనిచేయాలని. ఈ ఆశ వినగానే పెద్దలు రెండు ప్రశ్నలు వేస్తున్నారు. భాషలు చదివితే ఏమొస్తుంది? ఆడపిల్ల ఒంటరిగా పరాయి దేశం ఎలా వెళ్తుంది? రెండింటికీ జవాబు చెప్పవలసిన బాధ్యత మాకుంది.

ముందుగా మేమెవరమో చెప్పనివ్వండి. తెలుగులో మంచి వ్యాసం రాస్తే, 'మీకు ఇంత చక్కటి తెలుగు ఎలా వచ్చింది?' అని మెచ్చుకుంటారు. సొంత ఇంట్లో ఉన్నవారిని ఈ ఇంటి దారి మీకెలా తెలిసిందని అడిగినట్లుంటుంది ఆ మెప్పు. మాలో ఒకరు తెలుగు ఉపాధ్యాయిని ఉద్యోగానికి ఒక ప్రైవేటు పాఠశాలకు వెళ్తే, దరఖాస్తుపై పేరు చూసి, 'ఉర్దూ పోస్టు లేదమ్మా' అని వెనక్కి పంపారు. ఆమె ఎం.ఏ. తెలుగులోనే చేసిందన్న సంగతి రెండో పేజీలో ఉంది. అక్కడిదాకా ఎవరూ చదవలేదు. మనవారి మధ్యకు వస్తే మరో తీర్పు. మన ఉర్దూలో తెలుగు యాస ఉందని ఉత్తరాదివారు నవ్వుతారు. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల ఆడపిల్లలను 'మీరు నిజంగా ముసల్మానులేనా?' అని మనలోనే కొందరు అడుగుతున్నారు. ఈ రెండో గాయం మరింత లోతైనది. దాన్ని చేసినవారు ఇలాంటి సభలలోనే కూర్చుంటారు గనుక ఇక్కడే చెబుతున్నాము.

భాషకు మతం లేదని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మహారాష్ట్రలోని పాతూరు పురపాలక సంఘం నామఫలకంపై ఉర్దూ ఉండరాదన్న వ్యాజ్యాన్ని కొట్టివేస్తూ చెప్పిన మాట అది. ఉర్దూకు రక్షణగా మనమందరం ఆ తీర్పును చాటుకున్నాం. ఆ తీర్పు తెలుగు మాట్లాడే దూదేకుల పిల్లకు కూడా రక్షణే కదా!

భాషలపై మా ప్రేమకు కారణం పుస్తకాలకన్నా ముందు మా వంటిళ్లు. 'రేపు వస్తానని చెప్పాడు' అనడానికి మా నానీలు 'కల్ ఆతూఁ బోల్కే బోల్యా' అంటారు. ఉత్తరాది ఉర్దూలో ఈ 'బోల్కే' లేదు. తెలుగువారు 'అను' ధాతువు నుంచి 'అని' చేసుకున్నట్లే, దక్కనీ తన 'బోల్నా' నుంచి 'బోల్కే' చేసుకుంది. మాటలు ఉర్దూవి, అల్లిక ద్రావిడానిది. దీన్ని యాస అని నవ్వవచ్చు. ఆరు వందల ఏళ్ల సహజీవనానికి వ్యాకరణ సాక్ష్యమని పాఠమూ చెప్పవచ్చు. అటు తెలుగు కూడా మన మాటలు తీసుకొని తనదైన అర్థమిచ్చింది. అరబ్బీలో 'సుఆల్' అంటే ప్రశ్న. తెలుగులో సవాలు పందెం స్థాయికి పెరిగింది. ఉర్దూలో 'రాజీనామా' ఒప్పందపత్రం. తెలుగులో దానితో ఉద్యోగమే వదిలేస్తారు.

ఇంకొక ఉదాహరణ చెబుతాము, అది మా వృత్తికి సంబంధించినది. కలం అనే మాటకు అరబ్బీలో మొదటి అక్షరం 'ఖాఫ్'. గ్రంథ భాషలో దాన్ని గొంతు లోపలి నుంచి పలకాలి. కువైత్ వీధిలో అది 'గలం'. మన దక్కనీలో 'ఖలం'. తెలుగులో 'కలం'. ఈ నాలుగూ చెవిలో పడి పెరిగిన పిల్లకు, విద్యార్థి ఎక్కడ తడబడతాడో, ఎందుకు తడబడతాడో ముందే తెలుస్తుంది. శిక్షణ కళాశాలలో దీనికి ప్రత్యేక పాఠం లేదు. మాకు అది ఉచితంగా దొరికింది.

కువైత్ మాట వచ్చింది గనుక అక్కడ కాస్త ఆగుదాం. కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుంచి వేల మంది మన స్త్రీలు ఆ దేశానికి ఇంటిపనికి వెళ్లారు. మాలో కొందరి ఫీజులు, మరికొందరి ఇంటి పైకప్పు ఆ 'ఖాద్దామా' జీతాలతో వచ్చినవే. పదవ తరగతి దాటని వారి పాస్‌పోర్టుపై వలస తనిఖీ అవసరమన్న గుర్తు ఉండేది. ఏజెంటు చెప్పిందే చట్టం, యజమాని చేతిలోనే పాస్‌పోర్టు. అయినా రెండేళ్లలో ఆ పిన్నమ్మలు, పెద్దమ్మలు కువైతీ అరబ్బీ గలగలా మాట్లాడేవారు. ఆ ఇంటి పసిపిల్లలకు మాటలు నేర్పింది కూడా చాలా చోట్ల వారే. ఒక అర్థంలో వారు అప్పటికే విదేశంలో భాష నేర్పినవారు. జీతం మాత్రం గిన్నెలు తోమినందుకే ఇచ్చారు.

కనుక ఆడపిల్ల పరదేశం ఎలా వెళ్తుందని అడిగే పెద్దలకు మా వినయపూర్వకమైన జవాబు: వెళ్లడం కొత్త కాదు. చదువు లేకుండా, ఒప్పందపత్రం చదవడం రాకుండా వెళ్లినప్పుడు ఆపని మనం, పట్టాతో, ఒప్పందంతో, తన పాస్‌పోర్టు తన దగ్గర ఉంచుకొని వెళ్తానన్నప్పుడు ఆపడం న్యాయమేనా?

దీన్ పరంగానూ దీనికి ఆధారముంది. మనుషుల భాషలు వేరువేరుగా ఉండటం అల్లాహ్ సూచనలలో ఒకటని రూమ్ సూరా తెలుపుతోంది. ప్రవక్త (స) ఆదేశంపై జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపి నేర్చుకొని లేఖలు చదివిపెట్టేవారు. ఉలమా ఇక్కడ ఉన్నారు, వారు మాకంటే బాగా చెప్పగలరు.

మన ముందు నడిచినవారూ ఉన్నారు. పిఠాపురానికి చెందిన ఉమర్ అలీషా అరబ్బీ, పారసీ, సంస్కృతాలు నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యంలోకి తెచ్చారు. ఖమ్మం జిల్లాలో పుట్టిన కవి అఫ్సర్ ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో, ఆ తరువాత పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగపై ఆయన రాసిన గ్రంథాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రచురించింది. మన పక్క ఊరి పండుగ అక్కడ పాఠ్యాంశమైందంటే, మన ఇంటి భాషలకు అక్కడ విలువ లేదనే మాట నిలవదు. అమెరికా కళాశాలల్లో ఒక విద్యా సంవత్సరం భాష నేర్పే సహాయకులను ఎంపిక చేసే ఫుల్‌బ్రైట్ పథకంలో ఉర్దూ, తెలుగు రెండూ చోటు పొందుతూ వచ్చాయి. గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలలకు ఉపాధ్యాయులు కావాలి; డిగ్రీతో పాటు బి.ఎడ్. అడుగుతారు.

ఇక అసలు ఆటంకాలు. మొదటిది చాలా చిన్నదిగా కనిపిస్తుంది: పేరు. ఒకే అమ్మాయి పదవ తరగతి మార్కుల జాబితాలో 'ఎస్.కె.', ఆధార్‌లో 'షేక్', డిగ్రీలో 'షైక్'. 'బీ' ఒకచోట ఉంటుంది, ఇంకొకచోట ఎగిరిపోతుంది. ఖాజా అనే పేరుకు ఇంగ్లీషులో ఎన్ని వర్ణక్రమాలున్నాయో లెక్కపెట్టడం కష్టం. డిగ్రీ పట్టాను రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఆపై ఆ దేశపు దౌత్య కార్యాలయం ధ్రువీకరించే దశలో ఈ తేడాలన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. అప్పుడు అఫిడవిట్లు, గెజిట్ ప్రకటనలు, నెలల ఆలస్యం. ఈలోగా ఉద్యోగం మరొకరిది. పదవ తరగతి దరఖాస్తు నింపే రోజునే ఆ అక్షరాలు సరిచూడమని తల్లిదండ్రులను వేడుకుంటున్నాము. బడి గుమాస్తా రాసిన పేరే మన పేరైపోకూడదు.

రెండవది డబ్బు. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. విదేశీ విద్యారుణంపై వడ్డీ భరించిన 'పఢో పర్‌దేశ్' కూడా ఆగిపోయింది. ఎం.ఏ. తరువాత పరిశోధన చేసి విశ్వవిద్యాలయ అధ్యాపకులు కావాలనుకున్న మా తరానికి ఇవి రెండు మెట్లు తీసేసినట్లయింది. తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువుకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం 2015లో మొదలైంది. ఇక్కడి విద్యార్థినులకూ అలాంటి సాయం అందాలని అడగవలసింది ఉద్యమ మిత్రులే. మా వినతిపత్రం సిద్ధంగా ఉంది, సంతకాలు కావాలి.

మూడవది మీ అనుమతి. పెళ్లి వద్దని మేమెవరమూ అనడం లేదు. బి.ఎడ్. పూర్తయ్యేదాకా నిశ్చయం చేయవద్దని మాత్రమే అడుగుతున్నాము. పెళ్లిచూపులకు వచ్చేవారితో 'అమ్మాయి భాషలు చదివింది, బయటి దేశంలో పాఠాలు చెప్పాలనుకుంటోంది' అని మొదటి మాటగానే చెప్పండి. ఒప్పుకోనివారు ఆ రోజే వెళ్లిపోతారు, ఇరువైపులా ఖర్చు తగ్గుతుంది.

సభ ముగిశాక మేము ఎడమవైపు బల్ల దగ్గర ఉంటాము. పిల్లల పదవ తరగతి పత్రాలు, ఆధార్ తెచ్చినవారికి పేర్లు సరిపోల్చి చూపిస్తాము. ఉర్దూలో, తెలుగులో, ఏ భాషలో అడిగినా సరే.