మన పిల్లల చదువు – అంతర్జాలమున ఉచిత సామగ్రి
(న్యూ టౌన్ తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగము)



బదిలీ ఉత్తర్వు చేతబట్టుకొని విశాఖపట్టణము నుండియో, హైదరాబాదు నుండియో ఈ న్యూ టౌనునకు వచ్చిన మనకు మొదటి చింత ఇల్లు, రెండవది పిల్లల బడి. రెండును ఎట్లో కుదురును. తెలుగు మాత్రము ఆ బడిలో ఉండదు. పిల్లలు శాస్త్రములను ఆంగ్లమున చదువుదురు, హిందీ నేర్తురు, ఆటస్థలమున వంగభాష మాటలాడుదురు. ఇంట తెలుగే గాని, బడిలో నేర్చినది ఇంట చెప్పుటకు వారికి మాటలు చాలవు.

మన ఆదివారపు తరగతిలో ఏడవ తరగతి చదువు బాలిక యొకతె నన్నడిగెను: “మాస్టారూ, ఫోటోసింథసిస్ అంటే అమ్మమ్మకు తెలుగులో ఎలా చెప్పాలండీ?” నాకును ఆ క్షణమున మాట తోచలేదు. ఇన్నేండ్లు ఆంగ్లమున నోట్లు వ్రాసిన ఫలము కాబోలు!

ఆ రాత్రియే వెదకితిని. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020 నుండి ద్విభాషా పాఠ్యపుస్తకములు ముద్రించుచు వచ్చినది. ఒక పుటలో ఆంగ్లము, ఎదుటి పుటలో అదే పాఠము తెలుగున. రుసుము లేకయే అంతర్జాలమునుండి వానిని దింపుకొనవచ్చును. మరుసటి ఆదివారము రెండు పుటలు మాత్రము అచ్చుతీసి పంచితిని. ‘కిరణజన్య సంయోగక్రియ’ అను మాట చూచి పిల్లలు మొదట నవ్విరి. దానిని విడదీయుడంటిని. కిరణములవలన పుట్టునది, కూడిక, పని. ఫోటో యనగా వెలుతురు, సింథసిస్ అనగా కూర్పు. రెండు భాషలును ఒకే సంగతి చెప్పుచున్నవని ఆ బాలికయే కనిపెట్టెను. ఇంటికి పోయి చెప్పగా అమ్మమ్మగారు, “అందుకేనటే, చీకటి గదిలో పెట్టిన తులసి వాడిపోయింది!” అన్నారట. ఆనాటి పాఠము అక్కడ పూర్తియైనదని నేననుకొందును.

ఇంతకుముందు నేను చేసిన పొరపాటొకటి చెప్పవలెను. ఉచితముగా దొరకినది గదా యని నలువది నిమిషముల చలనచిత్రము నొకదానిని తెరపై వేసితిని. సగము మంది కునుకుతీసిరి. ఇప్పుడు అయిదు నిమిషములకంటె ఎక్కువ చూపను. ఆపి అడుగుదును, పిల్లలచేత చేయింతును.

చేయించుటకు ఫెట్ అను ప్రయోగశాల చక్కగా పనికివచ్చును. భౌతికశాస్త్రమున 2001లో నోబెల్ బహుమానమందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున దీనిని ప్రారంభించిరి. తెరపైననే బ్యాటరీ, తీగ, బల్బు కలుపవచ్చును. తప్పుగా కలిపినచో బ్యాటరీపై మంట బొమ్మ కనబడును. పిల్లలు బుద్ధిపూర్వకముగా ఆ మంట తెప్పింతురు. తెప్పింపనిండు, ఎందుకు వచ్చెనో చెప్పినచో చాలును.

కేంద్రప్రభుత్వపు దీక్షా వేదిక 2017 నుండి ఉన్నది. పాఠ్యపుస్తకమందలి చదరపు గుర్తును ఫోనునకు చూపినచో పాఠమునకు సంబంధించిన సామగ్రి తెరుచుకొనును. జాతీయ డిజిటల్ గ్రంథాలయమును నిర్మించినది మన పొరుగుననున్న ఖరగ్‌పూరు ఐఐటీ వారే. మాటల అర్థములకు బ్రౌను నిఘంటువు 1903 నాటి ముద్రణ చికాగో విశ్వవిద్యాలయమువారి డిజిటల్ గ్రంథాలయమున గలదు. తెలుగు వికీపీడియా 2003లో మొదలైనది. అందు ఎవరైనను దిద్దవచ్చును, ఎవరైనను చెడగొట్టవచ్చును. కావున అక్కడ చదివినదానిని పాఠ్యపుస్తకముతో సరిచూచుట పిల్లలకే పనిగా అప్పగించితిని. తప్పు పట్టుటలో వారికున్న ఉత్సాహము మీరెరుగనిది కాదు.

ఇవన్నియు ఉచితమే. ఉచితము కానిది ప్రక్కన కూర్చుండు పెద్దవారి గంట సమయము. ఫోను చేతికిచ్చి మనము వంటింటికో, వార్తలకో పోయినచో, పిల్లలు పాఠమువద్ద ఎంతసేపుందురో ఈ సభలోని తల్లులకు బాగుగా తెలియును. ప్రొజెక్టరు సంఘమువద్ద ఉన్నది. ప్రతి ఆదివారము ఇద్దరు పెద్దలు కావలెను. ఉపాధ్యాయులే కానక్కరలేదు. లెక్కల విభాగమున పనిచేయు వారు శాతములు చెప్పవచ్చును, భూగర్భశాఖ వారు తమ బల్లపైనున్న రాయి నొకటి తెచ్చి చూపవచ్చును. అమ్మమ్మలును, నాయనమ్మలును వచ్చిన మరియు మంచిది. తెలుగు మాట తట్టనపుడు మాకు వారే దిక్కు.

వచ్చు ఆదివారము పాఠము విద్యుత్ వలయము. మొదట తెరపై, పిదప చేతులతో. ఇంట పాత టార్చిలైటు బల్బులు, బ్యాటరీలు, తీగముక్కలు ఉన్నవారు దయచేసి పంపవలెను. గోడ ప్లగ్గును ముట్టరాదని పిల్లలకు ముందే చెప్పి పంపుడు. తరగతి సరిగా పది గంటలకు ప్రారంభమగును.