మెత్తని బంతి, గట్టి ఆట

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరములో చేసిన ప్రసంగ పాఠము)



నిన్నటినుండి మీరు ఇంటి పన్నులు, మంచినీటి పథకములు, మురుగు కాలువలు మొదలగు విషయములను శ్రద్ధగా వినుచున్నారు. ఈ పూట మేము మీతో ఒక ఆటను గురించి ముచ్చటింపదలచితిమి. దాని పేరు సాఫ్ట్‌బాల్. మన తెలుగు నాట పాఠశాలల పోటీలలో ఈ ఆటకును చోటున్నది. కాని ఊరి పెద్దలలో దీని సంగతి తెలిసినవారు తక్కువ.

ఈ అంశమును ఎత్తుకొనుటకు ఒక కారణము గలదు. కొలది నెలల క్రిందట మేమొక గ్రామమునకు పోయితిమి. బడి ప్రక్కనున్న ఖాళీ స్థలములో దుకాణపు గదులు కట్టి అద్దెల కిచ్చుటయా, పిల్లల ఆటలకు విడిచిపెట్టుటయా అని అచ్చటి పంచాయతీలో వాదము జరుగుచున్నది. సాయంకాలములందు ఆ స్థలములో బాలికలు సాఫ్ట్‌బాల్ ఆడుచుందురు. ఒక వార్డు సభ్యురాలు లేచి, "అయ్యా, పేరేమో మెత్తని బంతి అంటారు. నిన్న మా మనుమరాలికి తగిలి నుదురు బొప్పి కట్టింది. ఇదెక్కడి మెత్తదనమండీ? అసలీ ఆట ఎక్కడినుంచి వచ్చింది?" అని అడిగిరి. ఆనాడు మేము చెప్పిన సమాధానమునే కొంత పెంచి నేడు మీ ముందుంచుచున్నాము.

ఈ ఆట పుట్టినది అమెరికాలోని షికాగో నగరమున, 1887వ సంవత్సరము నవంబరు నెలలో. ఆ దినము వారికి కృతజ్ఞతా దినమను పండుగ. యేల్, హార్వర్డు విశ్వవిద్యాలయముల నడుమ జరుగుచున్న ఫుట్‌బాల్ పోటీ ఫలితము తంతివార్తగా వచ్చునని కొందరు యువకులు ఫరాగట్ పడవల క్లబ్బులో వేచియుండిరి. ఫలితము తెలియగానే గెలిచినవారి ఉత్సాహమునకు మేర లేకపోయెను. ఒకరు అక్కడ పడియున్న ముష్టియుద్ధపు చేతితొడుగును మరియొకరిపైకి విసరగా, అతడు దానిని కఱ్ఱతో కొట్టెను. జార్జ్ హాన్‌కాక్ అను పత్రికా విలేఖరి ఇది చూచి, ఆ తొడుగును దాని తాళ్ళతోనే బిగించి బంతిగా చుట్టెను. చీపురు కఱ్ఱ బ్యాటయ్యెను. గది నేలపై సుద్దతో గీతలు గీసిరి. 41–40 పరుగులతో ఆ మొదటి ఆట ముగిసెనని చెప్పుదురు. శీతకాలమున వెలుపల మంచు పేరుకొనియుండు నగరము గనుక, బేస్‌బాల్ ఆటను ఇంటిలోనే ఆడుకొను ఉపాయము దొరికినదని అందరును సంతోషించిరి.

ఇంటిలో పుట్టిన ఆట పిమ్మట బయలులోనికి వచ్చెను. 1895లో మినియాపొలిస్ నగరమున లూయిస్ రోబర్ అను అగ్నిమాపక దళాధికారి, నిప్పంటుకొన్న కబురు వచ్చువరకు పనిలేక కూర్చుండు తన సిబ్బందికి దేహ వ్యాయామము కావలెనని తలచెను. కార్యాలయము ప్రక్కన ఒక ఖాళీ జాగా ఉండెను. అందులో మూలలు గుర్తించి వారిచే ఈ ఆట ఆడించెను. చూచుటకు జనము మూగిరి. తరువాత ఆయన జట్టునకు పిల్లికూనలు అను అర్థము గల పేరు పెట్టగా, ఆటకును అదే పేరు కొంతకాలము నిలిచెను. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క పేరు, ఒక్కొక్క కొలత గల బంతి. సాఫ్ట్‌బాల్ అను పేరును 1926లో వాల్టర్ హాకన్‌సన్ అను ఆయన పెట్టెను. 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శన సందర్భమున పెద్ద పోటీ జరిగినది. దాని పిమ్మటనే అందరికిని ఒకే నిబంధనలు ఏర్పడినవి.

ఇక ఆడు విధానము. బిళ్ళంగోడు ఆడినవారికిని, క్రికెట్ చూచినవారికిని ఇది సులభముగా తెలియును. నేలపై నాలుగు మూలలు గల చదరము గీయుదురు. ఒక మూల బ్యాటు పట్టినవారు నిలువవలెను. ఎదుటి జట్టువారు మధ్యనుండి బంతి వేయవలెను. చేతిని క్రిందినుండి ఊపి వేయవలెనే గాని భుజముపైనుండి విసరరాదు. కొట్టినవారు మిగిలిన మూడు మూలలను వరుసగా తాకి, బయలుదేరిన మూలకు తిరిగి చేరినచో ఒక పరుగు. ముగ్గురు ఔటైనచో ఆ జట్టు వంతు ముగియును. ఒక్కొక్క జట్టునకు ఏడు వంతులు.

స్థలము సంగతి మీకు ముఖ్యము గనుక లెక్క చెప్పెదము. మూలకును మూలకును నడుమ దూరము 60 అడుగులు. బేస్‌బాల్ ఆటలో అది 90 అడుగులు. అనగా సాఫ్ట్‌బాల్ చదరము 400 చదరపు గజములు, బేస్‌బాల్ చదరము 900 చదరపు గజములు. మన సెంట్లలో మొదటిది సుమారు ఎనిమిదింబావు, రెండవది పదునెనిమిదిన్నరకు పైన. చదరము దాటి బంతి పోవుటకు విసనకఱ్ఱ ఆకారముగా మరికొంత నేల కావలెను. అంతర్జాతీయ స్త్రీల పోటీలలో కంచె 220 అడుగుల దూరమున నుండును. ఆ ప్రకారము చదరముతో కలిపి విసనకఱ్ఱ మొత్తము సుమారు 87 సెంట్లు. ప్రక్కల విడువవలసినది దీనికి అదనము. బడిపిల్లలకు ఇంత స్థలముకూడ అక్కరలేదు.

ఇప్పుడు ఆ సభ్యురాలి బొప్పి సంగతికి వత్తము. ఆరంభములో బంతి నిజముగనే మెత్తనిది. నేటి బంతి అట్లు కాదు. దాని చుట్టుకొలత 12 అంగుళములు, బరువు సుమారు 180నుండి 200 గ్రాములు. క్రికెట్ బంతి చుట్టుకొలత సుమారు 9 అంగుళములు, బరువు 160 గ్రాములు మాత్రమే. పేరు నిలిచినది, మెత్తదనము పోయినది. స్త్రీల పోటీలలో బంతి వేయు స్థానము 43 అడుగుల దూరముననే యుండును. ఉత్తమ క్రీడాకారిణి వేసిన బంతి గంటకు నూరు కిలోమీటర్లకు మించిన వేగముతో అర సెకను లోపుననే వచ్చి చేరును. అందుచేత కొట్టువారికి తలకవచము, వెనుక నిలిచి బంతి పట్టువారికి ముఖకవచము తప్పనిసరి. బంతి కొనుటకు డబ్బు మంజూరు చేయువారు తలకవచమునకుకూడ మంజూరు చేయవలెనని మా మనవి.

ఈ ఆట చరిత్రలో మాకు మిక్కిలి నచ్చిన విషయము, ఇందు స్త్రీలకు దొరికిన స్థానము. 1933 నాటి పోటీలోనే స్త్రీలకు వేరుగా విభాగ ముండెను. స్త్రీల ప్రపంచ పోటీ 1965లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరమున జరిగినది. అంతిమ పోటీలో ఆస్ట్రేలియా అమెరికాను 1–0తో ఓడించెను. పురుషుల ప్రపంచ పోటీ మరుసటి యేడు, 1966లో, మెక్సికో నగరమున ప్రారంభమైనది. అనగా ఇందు స్త్రీలే ముందు నడచిరి. 1961లో జోన్ జాయిస్ అను యువతి, బేస్‌బాల్‌లో మేటియైన టెడ్ విలియమ్స్‌కు ఒక ప్రదర్శన పోటీలో బంతులు వేసెను. అంతటివాడును వాటిని సరిగా కొట్టలేకపోయెను.

1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో స్త్రీల సాఫ్ట్‌బాల్‌ను చేర్చిరి. వరుసగా మూడుమారులు అమెరికా స్వర్ణ పతకము గెలిచెను. 2008లో బీజింగ్‌లో జపాను దానిని ఓడించెను. జపాను క్రీడాకారిణి యుకికో ఉఎనో రెండు దినములలో మూడు ఆటలాడి 413 బంతులు వేసెను.

కాని ఆ గెలుపునకు మునుపే, 2005లో సింగపూరులో, ఒలింపిక్ సంఘము ఈ ఆటపై ఓటింగు జరిపియుండెను. ఉంచవలెనని 52 ఓట్లు, తీసివేయవలెనని 52 ఓట్లు. ఒకరు ఎటును ఓటు వేయలేదు. ఆధిక్యము రానందున 2012నుండి ఈ ఆట తొలగిపోయినది. ఎటును మొగ్గని ఆ ఒక్కరి ఓటు లభించియున్నచో ఆట నిలిచియుండెడిది. 2012లోను, 2016లోను పోటీలు లేవు. టోక్యో క్రీడలలో 2021లో తిరిగి జరిగినప్పుడు జపాను మరల అమెరికాను 2–0తో గెలిచెను. నాటి జట్టులోను ఉఎనో ఉండెను. అప్పటి కామెకు 39 ఏండ్లు. నడుమ పదమూడేండ్లలో ఎందరు బాలికలకు ఆడు వయస్సు దాటిపోయెనో! 2024లో మరల చోటు లేదు. 2028 లాస్ ఏంజెలెస్ క్రీడలలో తిరిగి చేర్చిరి.

సభ్యులారా! ఓటు విలువ మీకు మేము చెప్పనక్కరలేదు. ఇక్కడ కూర్చున్నవారిలో ఒక్క ఓటు తేడాతో తీర్మానములు నెగ్గించినవారు, పోగొట్టుకొన్నవారు ఉందురు. దుకాణముల అద్దె పంచాయతీకి ఆదాయమే. దానిని మేము కాదనము. కాని ఒకసారి గోడలు లేచిన పిమ్మట ఆ నేల మరల ఆటస్థలము కాజాలదు. మగపిల్లలు చెరువు గట్టునకో, కోసిన చేలలోనికో పోయి ఆడుకొందురు. పది, పన్నెండేండ్ల బాలికలకు బడి ప్రక్క జాగా పోయినచో సాధారణముగా ఆటయే పోవును. అట్టి తీర్మానము వచ్చిన దినమున ఏ పక్షమైనను సరే, ఆలోచించి ఓటు వేయుడు. ఊరకుండవలదు.

మేము చూచిన గ్రామములో ఆనాడు తీర్మానము వాయిదా పడినది. సభ ముగిసినపిమ్మట ఆ సభ్యురాలిని, "అమ్మా, మీ మనుమరాలు ఈ దినము ఆటకు పోయినదా, మానినదా?" అని అడిగితిమి. ఆమె నవ్వి, "మానడమా? బొప్పికి పసుపు పట్టించుకొని మరీ పోయిందండీ!" అనిరి.