ఇంటి ఫైలులో లేని కాగితం

(స్కాలర్‌షిప్‌ల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి ముప్పై మూడేళ్ళు బ్యాంకులో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. "భూకంపాల గురించి మీరేం చెబుతారండీ?" అని మా ఆవిడే అడిగింది. లెక్కలవాడు చెప్పవలసిన మాట కూడా ఇందులో కొంత ఉంది.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, గణేశ నిమజ్జనం ముగించి ఊరు నిద్రపోతుండగా మన షోలాపూరులో మంచాలు కదిలాయి. ఇక్కడున్న పెద్దల్లో చాలామందికి జ్ఞాపకమే. మనకు సుమారు 80 కిలోమీటర్ల దూరంలో కిల్లారి చుట్టుపక్కల ఊళ్ళు నేలమట్టమై దాదాపు 8,000 మంది పోయారు. ఆ భూకంపం తీవ్రత 6.2. 6 దాటిన భూకంపాలు ప్రపంచంలో ఏటా వందకు పైగా వస్తుంటాయట. మరి ఇక్కడ ఇంత ప్రాణనష్టం ఎందుకు? మట్టితో పేర్చిన లావాటి రాతి గోడలు, చల్లదనం కోసం పైన మందంగా మట్టి పరిచిన కప్పు. మనం మాళవద్ అంటామే, అవే. అప్పటి పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటె తక్కువ ప్రమాదమున్న ఒకటో మండలంలో ఉండేది. 2002లో ఆ ఒకటో మండలాన్నే పటంలోంచి తీసేశారు.

మట్టి ఇళ్ళు కూలుతాయి, సిమెంటు ఇళ్ళు నిలుస్తాయి అనుకున్నాం. మేమూ మాళవద్ అమ్మేసి స్లాబు ఇల్లు కట్టుకున్నాం. 2001 జనవరి 26న గుజరాత్ భూకంపం ఆ నమ్మకాన్ని తప్పని చూపించింది. భూకంప కేంద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో అపార్టుమెంట్లు కూలి 700 మందికి పైగా చనిపోయారు. పాత నగరంలో కలప చట్రంతో కట్టిన ఇళ్ళు చాలావరకు నిలిచాయి. కూలినవాటిలో చాలా వాటికి కింద గోడల్లేవు, కార్ల కోసం వదిలిన ఉత్త స్తంభాలే. పై అంతస్తులు గోడలతో బిగుసుకుని ఒక పెట్టెలా ఉంటాయి. నేల ఊగినప్పుడు ఆ ఊపంతా కింది స్తంభాల మీద పడుతుంది. స్తంభంలోని ఇనుప రింగుల కొసలను 135 డిగ్రీలు వంచి లోపలికి దిగేయాలని 1993 నాటి ప్రమాణమే చెప్పింది. చేతికి సులువని మేస్త్రీ 90 డిగ్రీలతో ఆపేస్తే రింగు విచ్చుకుంటుంది. ప్లాస్టరింగు అయ్యాక అది ఎవరికి కనిపిస్తుంది?

బ్యాంకులో ఎన్ని వందల ఇంటి రుణాల ఫైళ్ళకు దారం కట్టానో! ముప్పై ఏళ్ళ టైటిల్ సెర్చి, మంజూరైన ప్లాను, వాల్యుయేషను, అగ్ని బీమా అన్నీ అడిగేవాళ్ళం. ఈ స్తంభాలు ఊపుకు ఆగుతాయా అన్న కాగితం మా జాబితాలో లేదు. తుర్కియేలో 2018లో అనుమతి లేని కట్టడాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేశారు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపాల్లో అక్కడ 50,000 మందికి పైగా పోయారు. రసీదు చూసి భూమి ఊగడం మానదు గదా.

ప్రమాదాన్ని లెక్కగట్టడం రుణం మంజూరు లాంటిదే. నేల ఎంత ఊగవచ్చు, ఆ ఇళ్ళలో ఎంతమంది ఉన్నారు, కట్టడం ఎంత బలహీనం అని మూడూ చూడాలి. మొదటిది మన చేతిలో లేదు. ఊరు పెరుగుతుంటే రెండోది పెరుగుతూనే ఉంటుంది. ఇక మన చేతిలో ఉన్నది మూడోదే. లక్ష భవనాలను ఒక్కొక్కటిగా పరీక్షించే డబ్బు ఏ మునిసిపాలిటీకీ ఉండదు. అందుకే అమెరికాలో 1988లో ఒక ఫారం తయారుచేశారు. వీధిలో నిలబడి చూసి నింపేది. కట్టడం రకాన్ని బట్టి కొన్ని మార్కులు. కింద ఖాళీ స్తంభాలుంటే, ప్లాను వంకరగా ఉంటే, నేల మెత్తనైతే కోత. మార్కులు తక్కువైనవాటినే ఇంజనీరు లోపలికి వెళ్ళి చూస్తాడు. మన దేశానికి తగినట్లు మార్చిన ఫారాలూ ఉన్నాయి. గోడ లోపలి రింగులు దీనికి దొరకవు. ముందు ఎక్కడ వెతకాలో మాత్రం తెలుస్తుంది.

ఖాట్మండులో 1990ల చివర ప్రధానోపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి, వాళ్ళ బడుల వివరాలు వాళ్ళచేతే నింపించారు. తర్వాత స్థానిక మేస్త్రీలకు పని నేర్పి కొన్ని బడులను బలపరిచారు. 2015 ఏప్రిల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ఆ బడులు నిలబడ్డాయి.

ఇప్పుడు నా సంగతి. 2009లో మా అబ్బాయి పుణెలో ఫ్లాటు కొన్నాడు. కాగితాలన్నీ నేనే చూసి "భేషుగ్గా ఉంది, కొను" అన్నాను. కింద అంతా పార్కింగు! కారుకు నీడ దొరికిందని సంతోషించాను కూడా. నిరుడు ఒక ఇంజనీరును తీసుకెళ్ళి చూపించాను. వివరంగా పరీక్షించాలి, అవసరమైతే కింద కొన్ని స్తంభాల మధ్య కాంక్రీటు గోడలు కట్టవచ్చు, స్తంభాలను లావు చేయవచ్చు అన్నాడు. సొసైటీ మీటింగులో చెబితే, "ఈ మాట బయటికి పొక్కితే ఫ్లాట్ల ధర పడిపోతుంది కాకా" అన్నారు. రెండు మీటింగులయ్యాయి. పరీక్ష ఖర్చుకు ఇంకా తీర్మానం కాలేదు. ఆ ఇంట్లో నా మనవలిద్దరు పడుకుంటున్నారు.

ఈసారి జాబితాలో సివిల్ ఇంజనీరింగు పిల్లలు ముగ్గురున్నారు. ఆ ఇంజనీరు గారు ఫారం నింపడం నేర్పడానికి ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం ఉదయం 8 గంటలకు రండి. తల్లిదండ్రులూ రావచ్చు. మన ట్రస్టు భవనంతోనే మొదలుపెడదాం. దీని కిందా పార్కింగే.