పాత లెన్సు – కొత్త కెమెరా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి తిన్న నోటితో యంత్రాల ముచ్చట చెప్పబోతున్నందుకు మన్నించండి. ముచ్చట యంత్రానిదే గాని, దాని ముందు కూర్చున్నవి మన వాళ్ళ ముఖాలు.

తెలంగాణము నుండి వచ్చి ఈ నగరానికి రాళ్ళెత్తిన కామాఠీల పేరే కామాటిపురాకు నిలిచింది. ఆ పేరు వినగానే పరులు ఒకే రకం బొమ్మ కోసం కెమెరాలతో వస్తారు. తీసుకొని పోతారు, ఎవరిని తీశారో వారికి చూపించరు. ఇప్పుడు పాత చాళ్ళు తీసి కొత్త కట్టడాలు లేపే మాట నడుస్తున్నది. అంతకు ముందే మన ఇళ్ళను, మన పెద్దలను మనమే తీసి ఉంచుకొనవలెనని మేము కొందరం పూనుకొన్నాము.

నాగ్‌పాడా దాపున చోర్‌బజారులో మాకొక పాత 150 మిల్లీమీటర్ల లెన్సు దొరికింది. 4 × 5 అంగుళాల ఫిల్ముకై చేసినది. 1902లో జర్మనీలో పేటెంటు పొందిన టెస్సార్ మాదిరి, నాలుగు గాజులది. దానిని కొలిమితిత్తి వంటి తోలు మడతకు ముందు బిగించి, వెనుక డిజిటల్ కెమెరా అమర్చాము.

మొదటి బొమ్మ మజ్జిగ పోసినట్లు తెల్లబారింది. కారణమేమన, లెన్సు అరచేయంత బొమ్మను పరుస్తుంది. సెన్సారు 36 × 24 మిల్లీమీటర్లే. మిగిలిన వెలుగంతా తిత్తిలో పడి తిరుగుతుంది. పైగా గాజుకు పూత లేదు. గాలి తగిలే ఆరు ముఖాలలో ఒక్కొక్కటి నూటికి సుమారు 4 వంతుల వెలుగును వెనుకకు కొడుతుంది. లెన్సు ముందు నల్ల అట్టతో చిన్న కిటికీ కట్టగానే బొమ్మ తేరుకొన్నది.

రెండవ చిక్కు ఇరుకు గల్లీ. 10 మీటర్ల దూరం నుండి చూచినా 2.4 మీటర్ల గోడ మాత్రమే పట్టింది. అప్పుడు లెన్సును కదపక, వెనుక కెమెరాను నిలువుగా పెట్టి పక్కకు 16 మిల్లీమీటర్ల చొప్పున జరుపుతూ ఐదు బొమ్మలు తీసి అతికించాము. దాదాపు 6 మీటర్ల వసారా వచ్చింది. లెన్సును కొంచెం పైకి జరిపితే పై అంతస్తు కూడా ఒరగకుండా దిగింది. అయితే రంధ్రాన్ని ఎఫ్ 22 వరకు ముడిచిన చోట బొమ్మ మెత్తబడింది. ఎఫ్ 11 దగ్గర తేటగా నిలిచింది.

ఇంతకంటె పదునైన కొత్త లెన్సులు లేవా అంటే ఉన్నవి. కాని ఈ పరికరం జేబులో దాగదు, దొంగచాటుగా తీయదు. ముక్కాలిపీట నిలిపి, అనుమతి అడిగి, ఎదుటి మనిషిని కొంతసేపు కదలకుండా కూర్చోమనవలె. ఒక అవ్వ చీర మార్చుకొని, తన భర్త పటం తెచ్చి ఒడిలో పెట్టుకొని కూర్చున్నది. తాను చెప్పినట్లుగా తన బొమ్మ దిగడం అదే మొదటిసారి అన్నది. ప్రతిని ఆమె చేతికే ముందు ఇచ్చాము.

1896లో రాజా దీనదయాళ్ బొంబాయిలో స్టూడియో తెరచిననాడు అక్కడికి పోగల కూలివాడెవడు? ఆ లోటు మనం తీర్చుకొనవచ్చు. మీ పెట్టెలలో పాత పటాలుంటే పారవేయకండి, తీసుకొని రండి. మీ ఇంటి పెద్దల చేత ఒకసారి ఆ పీటపై కూర్చోబెట్టండి. ఇల్లు మారినా గుమ్మం గుర్తుండాలి కదా.