పొయ్యి పొగ, ఆడవాళ్ల ఊపిరి: పరిశోధనలు ఎవరిని కొలుస్తున్నాయి?

(స్త్రీల ఆరోగ్య హక్కులపై కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల ఆరోగ్యం అనగానే ప్రసవాలు, రక్తహీనత, కుటుంబ నియంత్రణ, గర్భసంచి ఆపరేషన్లు చర్చకు వస్తాయి. రావలసిందే. కానీ స్త్రీకి గర్భసంచి ఒక్కటే కాదు, ఊపిరితిత్తులు కూడా ఉన్నాయి. వైద్య వ్యవస్థ ఈ సంగతి తరచు మరిచిపోతుంది. ఊపిరితిత్తుల జబ్బుల నివారణ మీద, చికిత్స మీద జరిగిన కొన్ని పరిశోధనలను ఈ రోజు మీ ముందు పెడతాను. నేను డాక్టర్ని కాను, సామాజిక శాస్త్ర పరిశోధకురాలిని. అందుచేత ఒక పరిశోధన ఏం తేల్చిందన్నది ఎంత ముఖ్యమో, అది ఎవరిని ప్రశ్నించింది, ఎవరిని కొలిచింది, ఎవరిని వదిలేసింది అన్నవీ నాకు అంతే ముఖ్యం.

మొదట 1950లలోని ఢిల్లీకి వెళ్దాం. డాక్టర్ ఎస్. పద్మావతి మన దేశంలో తొలి మహిళా హృద్రోగ నిపుణురాలు. ఊపిరితిత్తులు ఏళ్ల తరబడి చెడిపోతూ వచ్చి, ఆ భారం గుండె కుడి భాగం మీద పడే జబ్బు ఒకటుంది. అది ముఖ్యంగా పొగతాగే మగవాళ్ల జబ్బని అప్పటి అభిప్రాయం. ఆమె తన సహచరుడితో కలిసి ఢిల్లీలో 127 మంది రోగులను పరిశీలించి 1959లో ఆ ఫలితాలు ప్రచురించారు. ఆడవాళ్లలో పొగతాగేవాళ్లు చాలా తక్కువ. అయినా ఈ జబ్బు వాళ్లలోనూ మగవాళ్లతో సమానంగా, అదీ వాళ్లకంటే చిన్న వయసులోనే కనిపించింది. కారణం వెతికితే పిడకల పొయ్యి దగ్గర దొరికింది. బీడీ దగ్గరే ప్రశ్న ఆపేసి ఉంటే ఈ సంగతి బయటికి వచ్చేది కాదు.

అరవయ్యేళ్లు దాటాయి. ఇప్పటికీ ఆయాసంతో వచ్చిన మగవాణ్ణి 'బీడీ తాగుతావా?' అని అడుగుతారు. అదే ఆయాసంతో వచ్చిన స్త్రీని 'పొయ్యి దగ్గర ఎన్నేళ్లు కూర్చున్నావు?' అని అడిగేవాళ్లు అరుదు. నీరసమనీ, వయసు మీద పడిందనీ చెప్పి దగ్గుమందు సీసా చేతిలో పెట్టి పంపుతారు. గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే స్పైరోమెట్రీ పరీక్ష ఆమెదాకా రాదు. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే స్త్రీలున్నారు. వాళ్లను రెండు ప్రశ్నలూ అడగాలి.

రెండో పరిశోధన మన ఊళ్లలోనే జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో రంగారెడ్డి, నిజామాబాద్, వరంగల్ జిల్లాల గ్రామాల్లో 420 ఇళ్లలో గాలిని కొలిచారు. ఫలితాలు 2004లో వచ్చాయి. ఊపిరితిత్తుల లోపలిదాకా పోగల సన్నని ధూళి 24 గంటల సగటు, గ్యాస్ వాడే ఇళ్లలో ఘనపు మీటరుకు 73 మైక్రోగ్రాములుంటే, కట్టెలూ పిడకలూ వాడే ఇళ్లలో 732 దాకా ఉంది. అంటే పది రెట్లు. ఇంతకంటే నన్ను ఆకట్టుకున్న విషయం, వాళ్లు ఇంటిని ఒక మొత్తంగా తీసుకుని ఆగిపోలేదు. ఇంట్లో ఎవరు ఎంత పొగ పీలుస్తున్నారో విడివిడిగా లెక్కగట్టారు. అందరికంటే ఎక్కువ వంట చేసే స్త్రీకే. ఆడవాళ్లలో 15 నుంచి 40 ఏళ్లవాళ్లు ముందున్నారు, అంటే వండేవాళ్లు, వంటకు సాయపడేవాళ్లు. మగవాళ్లలో ఎక్కువ పీల్చేది 65 దాటి ఇంటిపట్టునే ఉండే ముసలివాళ్లు. ఒకే కప్పు కింద ఉన్నా పొగ అందరికీ సమానంగా పంచబడటం లేదు. ఇంటిచాకిరీలోని శ్రమ విభజన ఊపిరితిత్తుల్లోనూ కనిపిస్తుందని చెప్పడానికి ఇంతకంటే రుజువేం కావాలి?

ఇక నివారణ. గ్వాటెమాలా కొండప్రాంతంలో 534 ఇళ్లతో ఒక ప్రయోగం జరిగింది. కొన్ని ఇళ్లకు పొగగొట్టమున్న పొయ్యిలిచ్చారు, మిగతావి పాత పొయ్యిలతోనే ఉన్నాయి. 2011లో వచ్చిన ఫలితాల ప్రకారం పిల్లల్లో మొత్తం న్యుమోనియా గణాంకపరంగా చెప్పుకోదగినంత తగ్గలేదు గాని, తీవ్రమైన న్యుమోనియా సుమారు మూడో వంతు తగ్గింది. అక్కడి స్త్రీలలో పిల్లికూతలు తగ్గాయి, కానీ ఏడాదిన్నరలో ఊపిరితిత్తుల పనితీరు మెరుగుపడలేదు. చిన్నప్పట్నుంచీ పొగచూరిన ఊపిరితిత్తులు ఏడాదిన్నరలో తేటపడతాయని ఆశించలేం. కాబట్టి నివారణ పదేళ్ల పిల్లను పొయ్యి ముందు కూర్చోబెట్టకముందే మొదలవ్వాలి.

తర్వాత ఇంకా పెద్ద ప్రయోగం. తమిళనాడు, గ్వాటెమాలా, పెరూ, రువాండాలలో దాదాపు 3,200 మంది గర్భవతులను తీసుకుని, సగం మందికి గ్యాస్ పొయ్యి, 18 నెలల పాటు గ్యాస్ ఉచితంగా ఇచ్చారు. గర్భవతులు పీల్చే సన్నని ధూళి మూడో వంతుకు పడిపోయింది. కానీ పుట్టిన బిడ్డ బరువులోగాని, ఏడాదిలోపు పిల్లల తీవ్ర న్యుమోనియాలోగాని చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇవి 2022లో, 2024లో ప్రచురితమైన ఫలితాలు.

వీటిని చూపించి, 'మరి గ్యాస్ మీద ఇంత ఖర్చు దేనికి?' అని ఎవరైనా అడగవచ్చు. మన జవాబు సిద్ధంగా ఉండాలి. ఫలితాన్ని కాదనక్కర్లేదు. పొగ ఒక్కటి తగ్గితే న్యుమోనియా పోదనీ, తిండి, టీకాలు, ఇరుకు ఇళ్లు, సకాలంలో వైద్యం అన్నీ కలిసి పనిచేస్తాయనీ అది చెబుతోంది. కానీ అక్కడ ప్రధానంగా కొలిచినవేమిటి? బిడ్డ బరువు, బిడ్డ ఎదుగుదల, బిడ్డ న్యుమోనియా, ఇంట్లోని పెద్దవయసు స్త్రీల రక్తపోటు. వండే స్త్రీ ఊపిరితిత్తుల పనితీరు ఆ ప్రధాన ఫలితాల జాబితాలో లేదు. పొగలేని వంటిల్లు బిడ్డ బరువు పెంచితేనే దక్కాల్సిన బహుమతి కాదు. తల్లి అయినా కాకపోయినా, మండని కళ్లతో, దగ్గు లేకుండా వండుకోవడం ఆ స్త్రీ హక్కు. స్త్రీని బిడ్డను మోసే పాత్రగా మాత్రమే చూసే దృష్టి కుటుంబ నియంత్రణ కార్యక్రమాల్లో మనకు బాగా పరిచయమే. ఊపిరితిత్తుల పరిశోధనలోనూ దాన్ని గుర్తుపట్టాలి.

ప్రభుత్వాల సంగతి చూద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం డ్వాక్రా సంఘాల స్త్రీలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. కనెక్షన్ రావడం వేరు, ఖాళీ అయిన బండ మళ్లీ నిండడం వేరు. టీకి, చుట్టాలొచ్చినప్పుడు గ్యాస్, అన్నానికి, నీళ్లు కాచడానికి కట్టెల పొయ్యి అన్న ఏర్పాటు మీరందరూ చూసే ఉంటారు. ఉచితంగా ఏరుకొచ్చే కట్టెకు పోయే ఆడమనిషి శ్రమకు ఇంట్లో విలువ లేనంతకాలం బండకయ్యే డబ్బు దండగగానే కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో సుమారు 59 శాతం ఇళ్లు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి, గ్రామాల్లో 43 శాతమే. మన రెండు రాష్ట్రాలూ ఇందులో చాలా ముందున్నాయి. అయితే ఆ అంకె వంటకు ప్రధానంగా వాడే ఇంధనం గురించి. రెండో పొయ్యి అందులో కనపడదు.

చివరగా చికిత్స. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ రాణీ బంగ్, అభయ్ బంగ్ దంపతుల బృందం పసిపిల్లల న్యుమోనియా మీద చేసిన అధ్యయనం 1990లో వెలువడింది. గ్రామ ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు న్యుమోనియాను గుర్తుపట్టి మందివ్వడం నేర్పారు. వాళ్లూ పారామెడికల్ సిబ్బందీ కలిసి చికిత్స చేసిన 612 కేసుల్లో మరణాలు నూటికి 0.8. పోలిక కోసం తీసుకున్న ప్రాంతంలో నూటికి 13.5. మంత్రసాని చేసిన చికిత్స మిగతావాళ్ల చికిత్సకు ఏమీ తీసిపోలేదు. లెక్కలు రానివాళ్ల కోసం నిమిషం ఇసుక గడియారంతో, పూసలతో ఊపిరి లెక్కించే పరికరం కూడా తయారుచేశారు. చదువు లేదని మంత్రసానిని తోసేసిన వ్యవస్థకు ఇది మంచి జవాబు.

ఆ లెక్క మీరూ గుర్తుంచుకోండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలలు నిండని బిడ్డ 60 సార్లు, ఏడాదిలోపు బిడ్డ 50, అయిదేళ్లలోపు బిడ్డ 40, అంతకుమించి ఊపిరి తీస్తుంటే ప్రమాదం. డొక్కలెగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. ఇప్పుడు ఈ పని ఆశాల మీద పడింది. నిబంధనల్లో వాళ్లింకా 'స్వచ్ఛంద' కార్యకర్తలే. ప్రాణాలు నిలిపే నైపుణ్యాన్ని సేవ అని పొగిడి, జీతం దగ్గర చేతులెత్తేయడం న్యాయం కాదు.

కాబట్టి మన సంఘాలు అడగవలసినవి నాలుగు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయాసంతో వచ్చిన ప్రతి స్త్రీనీ పొయ్యి గురించి అడిగి రాసుకోవాలి. ఊదే పరీక్ష మండల స్థాయిలో దొరకాలి. బండ నింపుకునే ఖర్చు పేద స్త్రీకి అందుబాటులో ఉండాలి. మన ఊళ్లలో గాలినీ, మన శరీరాలనూ కొలిచినవాళ్లు ఆ ఫలితాలను మన భాషలో మనకే ముందు చెప్పాలి. వచ్చే నెల సంఘం సమావేశంలో ఒక్కొక్కరూ ఎన్నేళ్లు పొయ్యి ఊదారో, ఎవరికి మెట్లెక్కితే ఆయాసం వస్తోందో రాసుకుని, ఆ కాగితంతో మీ ఆరోగ్య కేంద్రం డాక్టర్ని కలవండి.