ఎముక పట్టుకునే దాకా యాంకర్



కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పీచు కణజాలాన్ని స్నాయుబంధనం అంటారు. ఆసుపత్రుల్లో వాడుక మాట టెండాన్. రెక్క ఎముక నుంచి బయలుదేరిన నాలుగు కండరాల టెండాన్లు దండచేయి ఎముక తలను చుట్టి పట్టుకుంటాయి, వీటన్నిటినీ కలిపి రొటేటర్ కఫ్ అని పిలుస్తారు. వయసుతో అరిగో, కిందపడినప్పుడు ఒక్కసారిగానో ఇది ఎముక నుంచి ఊడివస్తే, జడ వేసుకోవడం, అటక మీది డబ్బా అందుకోవడం కూడా కష్టమవుతాయి. ఊడిన కొసను కండరం తనవైపు లాక్కుంటుంది కాబట్టి పూర్తిగా తెగిన టెండాన్ తనంత తానుగా అతుక్కోవడం అరుదు. చాలాకాలం వదిలేస్తే కండరంలో కొవ్వు చేరి, ఆ తర్వాత కుట్టినా పూర్వపు బలం రాదు.

సహజంగా టెండాన్ ఎముకలో కలిసేచోట పీచు కణజాలం మొదట మృదులాస్థి గుణం గల పీచుగా, ఆపైన కాల్షియం లవణాలు చేరిన మృదులాస్థిగా, చివరికి ఎముకగా, అతి కొద్ది మందంలోనే నాలుగు దశలుగా మారుతుంది, అందువల్ల లాగుడు బలం ఒకేచోట కేంద్రీకృతం కాకుండా పరుచుకుంటుంది. శస్త్రచికిత్స తర్వాత ఈ అమరిక మళ్లీ ఏర్పడదు. దాని స్థానంలో వచ్చేది మచ్చ కణజాలమే. టెండాన్‌ను ఎముకకు బిగించే పరికరాల చరిత్రనంతా ఈ విషయాన్ని దృష్టిలో ఉంచుకునే చదవవలసి ఉంటుంది.

బోస్టన్ నగర శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ అమోరీ కాడ్‌మన్ 1909లో తెగిన రొటేటర్ కఫ్‌ను కుట్టి, 1911లో ఆ వివరాలను ప్రచురించాడు. తర్వాతి దశాబ్దాల్లో ఎముకకు రంధ్రాలు వేసి, వాటి గుండా దారం దూర్చి, అవతలి వైపున ముడివేసే పద్ధతి స్థిరపడింది. చవకైన పద్ధతే, పట్టు కూడా మంచిదే. అయితే వృద్ధుల గుల్లబారిన ఎముకను దారం కోసుకుంటూ పోయేది, రంధ్రాలు వేయడానికి భుజాన్ని పెద్దగా తెరవవలసి వచ్చేది.

1980లలో వచ్చిన సూచర్ యాంకర్ ఈ చిక్కును తీర్చింది. కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న మేకు, దాని తోకలో సూది కన్నులా ఒక బెజ్జం, ఆ బెజ్జంలోంచి దారం: పరికరమంతా ఇంతే. తొలినాటి మైటెక్ యాంకర్‌కు టైటానియం ఒడలు, దానికి నికెల్, టైటానియంల మిశ్రమలోహమైన నిటినాల్‌తో చేసిన వంకీ తీగలు ఉండేవి. రంధ్రంలోకి దిగేటప్పుడు ముడుచుకున్న ఆ తీగలు లోపలి మెత్తని ఎముకలో తిరిగి విచ్చుకుని, వెనక్కి రాకుండా పట్టుకునేవి. దారం కొసలను టెండాన్‌లోంచి లాగి ముడివేస్తే అది ఎముకను ఆనుకుని నిలుస్తుంది. ఎముక అవతలి వైపుకు పోనక్కరలేదు గనుక చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి చేసే ఆర్థ్రోస్కోపీ ద్వారా ఈ ఆపరేషన్ సాధ్యమైంది.

ఆ తర్వాత నడిచినదంతా పదార్థాల వేట. లోహపు యాంకర్ గట్టిదే గాని, ఊడి కీలులోకి జారితే మృదులాస్థిని గీరేస్తుంది, ఎంఆర్ఐ చిత్రాన్ని చెరుపుతుంది. శరీరంలో కరిగిపోయే పాలీగ్లైకాలిక్ ఆమ్లపు యాంకర్ గాయం మానకముందే బలం కోల్పోయింది. పాలీలాక్టిక్ ఆమ్లపు యాంకర్ కరగడానికి ఏళ్లు తీసుకుని, కొందరిలో ఎముకలో బోలు మిగిల్చింది. ఎముక లవణాలు కలిపిన మిశ్రమాలు, కరగని పీక్ ప్లాస్టిక్, చివరికి మేకు అన్నదే లేకుండా దారపు అల్లికే లోపల ఉండలా బిగుసుకునే యాంకర్లు వరుసగా వచ్చాయి. ఒక్కొక్కటీ వెనకటి దాని లోపాన్ని దిద్దుతూ తన లోపాన్ని వెంట తెచ్చుకుంది. అమ్మకపు కరపత్రాల్లో మాత్రం మొదటి సగమే కనిపిస్తుంది.

మేకును ఏ కోణంలో దించాలన్న చర్చా చిన్నది కాదు. టెక్సస్‌లో పశువుల బీడు కంచె మూల స్తంభం వాలకుండా, నేలలో పాతిన దుంగకు తీగ కట్టి లాగిపెడతారు; శాన్ ఆంటోనియో శస్త్రవైద్యుడు స్టీఫెన్ బర్క్‌హార్ట్ 1995లో ఆ కంచె లెక్కనే భుజానికి వర్తింపజేసి, యాంకర్‌ను 45 డిగ్రీలకు మించకుండా ఏటవాలుగా దించాలన్నాడు. మరలున్న యాంకర్లు నిట్టనిలువుగానూ అంతే గట్టిగా నిలుస్తాయని తర్వాతి ప్రయోగశాల పరీక్షల్లో కొన్ని చూపాయి. సూత్రం ఎంత సొంపుగా ఉన్నా పరీక్షకు నిలవాలి.

దారాలు, యాంకర్లు బలపడ్డాక నేడు బలహీనత టెండాన్‌కే మారింది. మేకు ఊడదు, దారం తెగదు, కుట్టు మాత్రం అరిగిన టెండాన్‌ను చీల్చుకుని బయటికి వస్తుంది. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ వైద్యులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద చీలికలను ఆర్థ్రోస్కోపీతో కుట్టించుకున్న 18 మందిని కనీసం ఏడాది తర్వాత అల్ట్రాసౌండ్‌తో చూస్తే 17 మందిలో టెండాన్ మళ్లీ తెగి ఉంది. విచిత్రమేమంటే ఏడాది నాటికి వారిలో ఎక్కువమందికి నొప్పి తగ్గింది, చేయి పైకి లేచింది. రెండో ఏడాదికి ఆ లాభం కొంత తరిగింది. అంటే రోగి సంతృప్తి, టెండాన్ అతుకు ఒకటి కావు, ఒకదాన్ని చూసి రెండోదాన్ని ఊహించడం పొరపాటు. రెండు వరుసల యాంకర్లతో టెండాన్‌ను ఎముకపై అదిమిపెట్టే పద్ధతులు ఆ తర్వాత విస్తరించాయి, పెద్ద చీలికల్లో కొంత మేలూ చేశాయి. అయినా మచ్చ కణజాలం బలపడే తొలి నెలల్లో టెండాన్‌ను కదలకుండా ఉంచడం వరకే యాంకర్ పని; ఆ తర్వాతి భారం మోయవలసింది శరీరమే.

అన్నట్టు, ఆ కాడ్‌మనే ప్రతి రోగిని ఆపరేషన్ తర్వాత ఏడాదికి మళ్లీ పరీక్షించి ఫలితం రాయాలని పట్టుబట్టిన మనిషి. 1914లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి నుంచి వైదొలగాడు. 1911 నుంచి 1916 దాకా తన సొంత ఆసుపత్రిలో చేరిన 337 మంది రోగుల లెక్కతో పాటు, జరిగిన 123 పొరపాట్లనూ అచ్చువేయించాడు. అందుకు సహచరుల నుంచి దక్కింది చాలావరకు వెలివేతే.

కంపెనీ ప్రతినిధి కొత్త యాంకర్ బల్లమీద పెట్టి అది ఎంత లాగుడుకు ఆగిందో పట్టిక చూపినప్పుడు, ఏడాది తర్వాత అల్ట్రాసౌండ్‌లో ఎన్ని టెండాన్లు ఎముకను అంటిపెట్టుకుని ఉన్నాయో నేడు ఆర్థోపెడిక్స్‌లోనూ బయోమెడికల్ ఇంజనీరింగ్‌లోనూ పట్టాలు అందుకుంటున్న విద్యార్థులు అడగాలని, తమ చేతి మీదుగా జరిగిన ప్రతి ఆపరేషన్‌కూ ఆ లెక్క రాసి ఉంచాలని విజ్ఞప్తి.