తాగిన మర్నాడు తలనొప్పి ఎందుకు?

నేను డాక్టరును కాను, ఫైళ్లు చూసిన గుమాస్తాను. చదివి, అడిగి తెలుసుకున్న నాలుగు మాటలు మనవి చేస్తాను.

సారా అయినా, విస్కీ అయినా మత్తునిచ్చేది ఇథైల్ ఆల్కహాలే. కాలేయం దానిని మొదట అసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా, తరువాత అసిటేటుగా మారుస్తుంది. ఎన్ని ఫైళ్లు వచ్చి పడినా ఆ సీటులో గంటకు సుమారు ఒక చిన్న పెగ్గే క్లియరవుతుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం ఆ వేగాన్ని పెంచలేవు.

ఒంట్లో నీటిని నిలిపే వాసోప్రెసిన్ హార్మోనును మద్యం అణచివేస్తుంది. మూత్రం ఎక్కువగా పోయి నోరెండుతుంది. కడుపులో మంట, నిద్రాభంగం తోడై మర్నాడు తలనొప్పి, వికారం పుడతాయి. అందుకు మందు మరో పెగ్గేననడం అప్పు తీర్చడానికి అప్పు చేయడమే.

వయసుతోపాటు ఒంట్లో నీటి శాతం తగ్గుతుంది. నలభైలో తట్టుకున్న మోతాదే డెబ్బైలో ఎక్కువవుతుంది. నిద్రమాత్రతో కలిస్తే శ్వాస మందగించవచ్చు, తూలిపడి తుంటి విరగవచ్చు. ఇన్సులిన్‌తోను, కొన్ని షుగరు మాత్రలతోను కలిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అమ్మలారా, అది మత్తే అనుకొని పడుకోబెట్టకండి! చెమటలు, వణుకు, తడబాటు కనిపిస్తే వెంటనే చక్కెర పరీక్ష చేయించండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. అయితే రోజూ బాగా తాగేవారు హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు సలహాతోనే మానాలి. మాత్రలు రాసేటప్పుడు డాక్టరు దగ్గర ఈ అలవాటు దాచవద్దని ప్రార్థిస్తూ సెలవు తీసుకుంటున్నాను.